రంగులు వేయిస్తూ అక్షరాలు: మైపాడు దారిలోని ఒక యూకేజీ తరగతి నుంచి కేస్ స్టడీ

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను యూకేజీ టీచర్ని. తరగతిలో సగం మంది సముద్రం ఒడ్డు పాలేల నుంచి వస్తారు. వాళ్ల నాన్నలు వేటకు పోతారు. మిగతావాళ్లవి వరి పండించే ఇళ్లు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసే ఇళ్లు. అందరి ఇళ్లలోనూ మాట్లాడేది తెలుగే. బడి బోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ మీడియం అని ఉంటుంది. తెలుగు అక్షరాలు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు అన్నీ ఐదేళ్ల పిల్లల నెత్తిన ఒకే ఏడాదిలో పడతాయి.

రంగులు వేయిస్తే చదువు వస్తుందా అని తోటి టీచర్లు అడుగుతుంటారు. వట్టి రంగులు వేస్తే రాదు. రంగు వేయాలంటే ముందు ఏదో ఒకటి వినాలి, లేదా చెప్పాలి, లేదా చదవాలి అని షరతు పెడితే వస్తుంది. ఆ షరతు లేని కలరింగ్ షీటు పిల్లల చేతికి కాస్త కసరత్తు, టీచరుకు కాస్త తీరిక, అంతే. ఇలా అనడానికి ఒక పిల్లవాడితో ఒక విద్యాసంవత్సరం చేసిన పని ఆధారం. వాడి పేరు, వాడి పాలెం పేరు రాయడం లేదు.

చేరినప్పుడు

మన రాష్ట్రంలో బళ్లు జూన్ 12న తెరుస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అంటే వీడు బడికి వచ్చిన వారంలోనే నాన్న మళ్లీ బోటెక్కాడు. రెండు నెలలు నాన్న వెంట వలలు బాగుచేసేచోట తిరిగిన పిల్లవాడు మాటల పుట్ట. ఏ పీత కూరకు బాగుంటుందో, ఏ చేపకు ముళ్లు ఎక్కువో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. నోటుబుక్కు తెరిస్తే మాత్రం నోరు మూతపడేది.

'అ' నుంచి 'ఱ' దాకా వరసగా రాగం తీసి అప్పచెప్పేవాడు. వాళ్ల జేజి (నాయనమ్మ) నేర్పింది. వరసలోంచి ఒక్క అక్షరం తీసి విడిగా చూపిస్తే గుర్తుపట్టేవి చాలా తక్కువ. 'మ' చూపించామనుకోండి, పెదాలు కదుపుతూ 'క ఖ గ ఘ' నుంచి మొదలుపెట్టేవాడు. పాట 'మ' దాకా వచ్చినా, తను వెతుకుతున్నది అదేనని తెలియక దాటుకుంటూ పోయేవాడు. పాట నోటికి వచ్చు, ఆకారం కంటికి తెలియదు. ఓనమాలు నోటితో మొదలైన పిల్లల్లో ఇది మామూలే. ఇందులో జేజి తప్పేమీ లేదు. ఆ పాట వాడికి తర్వాత పనికొచ్చింది కూడా.

ఇక చెయ్యి. పెన్సిల్‌ను పిడికిలితో పట్టేవాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకోవడం మామూలుగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. మణికట్టు ఎముకలు ఆ వయసుకు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవు. అలాంటి చేతికి నాలుగు గీతల కాపీ ఇచ్చి పేజీ నిండా రాయమంటాం. రెండు వరసలు రాసి "చెయ్యి నొప్పి టీచర్" అనేవాడు. అది నిజం నొప్పే.

క్రేయాన్స్ పెట్టె తీస్తే మాత్రం అందరికంటే ముందు ఉండేవాడు. అందుకే అక్కడ మొదలుపెట్టాను.

కలరింగ్ అంటే చివరి పీరియడ్

చాలా బళ్లలో కలరింగ్ చివరి పీరియడ్‌లో ఉంటుంది. జెరాక్స్ షీట్లు పంచుతారు: యాపిల్, బెలూన్, టెడ్డీ, మంచు మనిషి. మైపాడు ఎండలో మంచు మనిషి! పిల్లలు గమ్మున రంగులు వేసుకుంటుంటే టీచర్ డైరీలు రాసుకోవచ్చు. గీత దాటకపోతే స్టార్, దాటితే 'నీట్‌గా వెయ్యి' అని ఎర్ర ఇంకు. ఈ మొత్తంలో ఒక్క మాటా ఉండదు, ఒక్క అక్షరమూ ఉండదు.

కలరింగ్ పుస్తకాల మీద విమర్శ పాతదే. పిల్లల బొమ్మల ఎదుగుదల గురించి పరిశోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940ల్లోనే దీని మీద వాదించాడు. ఎవరో గీసిపెట్టిన బొమ్మను నింపడం అలవాటైతే పిల్లలు సొంతంగా గీయడానికి జంకుతారన్నాడు. మాంటిస్సోరి బళ్లలో మాత్రం లోహపు చట్రాల చుట్టూ గీత గీయించి, లోపల రంగు పెన్సిల్‌తో దగ్గరదగ్గరగా గీతలు నింపిస్తారు. రాత మొదలయ్యే ముందు చేతిని సిద్ధం చేయడానికే అది. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం జరిగినన్నాళ్లూ మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. లోవెన్‌ఫెల్డ్ బాధ ఊహ గురించి, మాంటిస్సోరి పట్టింపు చెయ్యి గురించి. రెండూ సబబే. నా అవసరం వేరు. ఈ పిల్లవాడి నోట్లో ఉన్న మాటలు కాగితం మీది అక్షరాలను కలవాలి.

విని వేయడం

జెరాక్స్ షీట్లు పక్కన పెట్టి నేనే బొమ్మలు గీశాను. పడవ, వల, పీత, కొంగ, తాటిచెట్టు, వడ్ల బస్తా, రొయ్యల గుంటలో తిరుగుతూ నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్. గొప్ప బొమ్మలేమీ కావు. పిల్లలు చూడగానే అదేమిటో చెప్పగలిగితే చాలు.

నియమం ఒక్కటే, చెప్పింది వింటేనే రంగు. "పడవ కింద ఉన్న చేపకు ఎరుపు వెయ్యండి. పడవలో ఉన్న చేపకు రంగు వద్దు." కింద, పైన, పక్కన, తప్ప, వద్దు, ముందు, తర్వాత: ఇలాంటి చిన్న మాటల మీదే మొదట్లో చాలామంది తడబడ్డారు. ముఖ్యంగా 'తప్ప'. "కొంగ తప్ప అన్నిటికీ పసుపు" అంటే చకచకా కొంగకే పసుపు వేసేశారు. రెండోసారి చెప్పకూడదని పెట్టుకున్నాను. దాంతో పిల్లలు ఒకరినొకరు అడగడం మొదలైంది. ఆ గోల నాకు కావలసిన గోలే, పక్క తరగతి టీచరుకు కాదనుకోండి.

తర్వాత ఆ చెప్పే పని పిల్లలకే ఇచ్చాను. మనవాడి వంతు వచ్చినప్పుడు నిలబడి, "పీత కాళ్లకి ఒక్కోదానికి ఒక్కో రంగు ఎయ్యండి, డెక్కలు మాత్రం నల్లగా ఉండాల" అన్నాడు. లోపలి ఊళ్ల పిల్లలకు డెక్కలు ఏవో తెలియదు. వాడు చేతులు పైకెత్తి, వేళ్లు మూసి తెరిచి చూపించాడు. తరగతిలో వాడు అంత పెద్ద వాక్యం మాట్లాడటం అదే మొదలు.

దీని వెంటే చెవి పని. తెలుగులో అక్షరానికి ఒక చప్పట్టు. ప-డ-వ అంటే మూడు చప్పట్లు, వ-ల అంటే రెండు, తా-టి-చె-ట్టు అంటే నాలుగు. ఎన్ని చప్పట్లో అన్ని చేపలకు రంగు. మాటను ఇలా ముక్కలు చేయడం ఐదేళ్ల తెలుగు పిల్లలకు ఇంగ్లిష్‌లో శబ్దాలు విడగొట్టడం కంటే చాలా తేలిక. ఎందుకంటే ఆ ముక్కే రాతలో ఒక అక్షరంగా కనిపిస్తుంది.

'వ'తో మొదలయ్యే బొమ్మలకే రంగు వేయమన్న రోజు, వల, వడ, వరికంకితో పాటు వాడు పడవకు కూడా వేశాడు. తప్పని పక్కనున్న అమ్మాయి అంది. "దాంట్లో కూడా 'వ' ఉంది కదా టీచర్, ఆఖర్న" అన్నాడు. ఆఖరి శబ్దం పట్టుకోవడం మొదటిది పట్టుకోవడం కంటే కష్టం. దాన్ని తప్పుగా దిద్దితే ఇంకోసారి చెవి పెట్టడు. కాబట్టి ఆటనే మార్చాను. 'వ' మొదట వస్తే పసుపు, ఆఖర్న వస్తే నీలం. పడవ, నావ, కాలవ నీలంలోకి వెళ్లాయి.

అక్షరాల గళ్లు

ఈ పద్ధతి కొత్తది కాదు, అంకెలతో చాలామంది చేయిస్తారు. కాగితాన్ని వంకర గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాస్తాను. 'వ' ఉన్న గళ్లన్నీ నీలం, 'మ' ఉన్నవన్నీ పసుపు, 'ప' ఉన్నవి ఎరుపు. అన్నీ నింపితే బొమ్మ బయటపడుతుంది. ఇక్కడ అక్షరాల ఎంపికలోనే పనంతా ఉంది. అ, క, ఱ లాంటి పోలికే లేని అక్షరాలు పెడితే కంటికి శ్రమ లేదు. 'వ'కూ 'మ'కూ తేడా కుడివైపు తోకలో ఉంది. 'ప' అడుగున గీత పడితే 'ఫ', పొట్టలో పడితే 'ష'. ఇంత చిన్న తేడాల మీద నడిచే లిపి మనది. పెద్దవాళ్లకు ఇవి ఎప్పుడో అలవాటై ఇప్పుడు కనిపించవు. పిల్లలు ఆ తేడాను వెతికి చూడాలంటే దాని మీద ఏదో ఒకటి ఆధారపడి ఉండాలి. ఇక్కడ రంగు ఆధారపడి ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నాలుగైదు గళ్లు నింపగానే అది చేప అని తెలిసిపోతుంది. ఆ తర్వాత అక్షరం ఎవరు చూస్తారు? మనవాడు అందరికంటే ముందు ముగించేవాడు, కళ్లు గళ్ల మీద కాకుండా చేప మీద పెట్టి. అందుకని ఊహకు అందని నమూనాలకు మారాను: ముగ్గు, చీర అంచు, చాప అల్లిక. ఏ గడిలో ఏ రంగు రావాలో అక్షరం చూస్తే తప్ప తెలియదు. పక్కవాళ్ల షీటు చూసి వేసేవాళ్ల కోసం రెండు రకాలు తయారుచేశాను. ఒకదాంట్లో 'వ' నీలం, ఇంకోదాంట్లో 'వ' ఎరుపు. పక్కపక్కనే కూర్చున్నవాళ్లకు వేర్వేరు షీట్లు.

షీటు పైన 'వ - నీలం, మ - పసుపు' అని రాసి ఉంటుంది. మొదట్లో ఆ మాట పక్కన రంగు చుక్క కూడా పెట్టాను, తర్వాత తీసేశాను. మా ఎండలకు క్రేయాన్లు మెత్తబడి వాటి చుట్టూ ఉన్న కాగితం ఎలాగూ ఊడిపోతుంది. దాని బదులు తెలుగులో రంగు పేరు రాసిన చీటీ చుట్టాను. షీటు మీది 'నీలం' చీటీ మీది 'నీలం'తో జతపడాలి. మొదట ఆకారం చూసి జతపరిచారు. కొంతకాలానికి 'నీలం' ఆఖర్న ఉన్న సున్నా 'వంకాయ'లో కూడా ఉందని ఒకరు కనిపెట్టారు. ఆ రోజు సున్నా ఉన్న ప్రతి మాట కిందా గీత పడింది, గోడ మీది క్యాలెండరుతో సహా.

దసరా తర్వాత గుణింతపు గుర్తులకు రంగు తెచ్చాను. అక్షరం ఒళ్లు నలుపు, తలకట్టు ఎరుపు, దీర్ఘం నీలం, గుడి ఆకుపచ్చ. ప, పా, పి పక్కపక్కన పెట్టి గుర్తుకు మాత్రమే రంగు వేయమంటే, మారేది ఏదో మారనిది ఏదో కంటికి తెలుస్తుంది. 'పి'లో తలకట్టు కనపడక వాడు దాన్ని కాసేపు వెతికి, "గుడి వస్తే తలకట్టు పోతాది" అని తనే తేల్చాడు. నేను నోటితో చెప్పి ఉంటే పాఠంలో ఇంకో వాక్యం అయ్యేది. అయితే ఈ రంగులను ఎక్కువకాలం ఉంచకూడదు. బయట ఏ పుస్తకంలోనూ దీర్ఘం నీలంగా ఉండదు. మొత్తం పెన్సిల్ రంగులోకి మార్చినప్పుడు తరగతి కాస్త వెనక్కి వెళ్లింది, తర్వాత సర్దుకుంది.

ఒక జాగ్రత్త. ఇంకో అబ్బాయి ఎరుపు వేయాల్సినచోట ఆకుపచ్చ, ఆకుపచ్చ వేయాల్సినచోట ఎరుపు వేసేవాడు. అక్షరం అడిగితే సరిగ్గా చెప్పేవాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం పుట్టుకతో వచ్చేదే, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. కళ్లు చూపించమని ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి రంగుతో పాటు చుక్కలు, అడ్డగీతలు కూడా వాడుతున్నాను. రంగుల షీటు చూసి ఏ పిల్లకూ చదువులో మార్కు వేయకూడదు.

వాడి మాట, నా రాత

బొమ్మకు రంగు వేశాక ఒక్క వాక్యం చెప్పాలి. నేను దాన్ని బొమ్మ కింద, చెప్పింది చెప్పినట్టే రాస్తాను. ఒకసారి వాడు పీతకు రంగు వేసి చెప్పింది: "మా నాయన వలలో పీత పడింది. నాయన ఏలు కొరికింది." ఏలు అనే రాశాను. తోటి టీచర్ చూసి వేలు అని దిద్దాలి కదా అన్నారు. ఒకటో తరగతిలో దిద్దుకుంటాడు. ఇప్పుడు వాడికి అర్థం కావలసింది వేరు. తను అన్న మాట కాగితం మీద నిలుస్తుంది, రేపు చూసినా అదే మాట పలుకుతుంది. నేను వేలు అని రాసి, వాడు ఏలు అని చదివితే ఆ నమ్మకం చెడిపోతుంది.

మరునాడు ఆ కాగితం ఇచ్చి చదవమన్నాను. బట్టీగా చెప్పాడు. "పీత ఏది?" అంటే వేలు పెట్టి వెతికాడు. 'వలలో' దగ్గర ఆగి, "ఇందులో వల ఉంది" అన్నాడు. తర్వాత 'నాయన' ఎక్కడుందో అడిగి, పలక తెచ్చుకుని చూసి రాసుకున్నాడు. ఎవరూ అడగకుండా వాడు రాసిన మొదటి మాట అది. 'య' సరిగ్గా రాలేదు, 'న' రెండుసార్లు వచ్చింది.

ఈ సమయంలోనే వాళ్ల జేజి బడికి వచ్చింది. "ఏంది మేడమ్, మావాడు రోజూ రంగులేసుకునే వస్తా ఉండాడు. పక్కింటి పిలకాయలు కాపీలు నింపుతా ఉండారు. మేం ఫీజు కట్టేది దీనికా?" ఫిర్యాదు సబబైనదే, కాపీ నిండితే కంటికి కనిపిస్తుంది. పీత కాగితం ఇచ్చి వాడిచేత చదివించాను. ఆమె ఒప్పుకోలేదు. "బట్టీ పట్టి ఉంటాడు" అని రెండు పక్కలా బొటనవేళ్లతో మూసి, మధ్యలో ఒక్క మాట వదిలి అడిగింది. వాడు 'పడింది' అని కాసేపు కూడబలుక్కుని చెప్పాడు. నిజానికి అంత మంచి పరీక్ష నాకు తట్టలేదు. ఆ తర్వాత అందరికీ అదే పెడుతున్నాను. ఆమె వెళ్తూ, "సరే, రాత కూడా రాయించండి మేడమ్" అంది. అదీ నిజమే. అప్పటి నుంచి బొమ్మ కింది వాక్యంలో ఒక మాటను పిల్లలే ఎంచుకుని రాయాలి.

మేనేజ్‌మెంట్‌కు ఇంకో భాషలో చెప్పాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతో, ఇంటి భాషలో నేర్పమని చెబుతోంది. ఆ మాట చూపించాక షీట్ల గురించి పెద్దగా అడగలేదు, జెరాక్స్ ఖర్చు గురించి తప్ప.

చెయ్యి కుదిరిన తీరు

దీనికి పెద్ద కిటుకు లేదు. క్రేయాన్లను చిన్న ముక్కలుగా విరిచి ఇచ్చాను. చిన్న ముక్కను పిడికిలితో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లే రావాలి. మార్కాపురం రాతి పలక మీద బలపం ముక్కతో దిద్దిన మన పెద్దవాళ్లకు ఈ పట్టు అలాగే వచ్చి ఉంటుంది. కొన్ని షీట్లు గోడకు అంటించి నిలబడి వేయించాను. దానివల్ల మణికట్టు వెనక్కి వంగి నిలదొక్కుకుంటుంది. దసరాకు వాడి పట్టు మారింది. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కడం మాత్రం ఏడాది చివరిదాకా పోలేదు.

సంక్రాంతి నాటికి

అక్షరాలను కలిపేసి చూపిస్తే, మేము గళ్లలో వాడినవి దాదాపు అన్నీ గుర్తుపట్టాడు. వల, పడవ, తల, పలక, గడప లాంటి మాటలు చదివాడు. దీర్ఘం, గుడి ఉన్నవి నెమ్మదిగా, తప్పు పోయి తనే సరిచేసుకుంటూ చదివాడు. ద, ధ, థ తేడా రాలేదు. ఒత్తులు అసలు ముట్టుకోలేదు. రాత ఇప్పటికీ గజిబిజే. ఇంగ్లిష్‌లో బి, డి తారుమారు కావడం ఏమీ తగ్గలేదు.

వాడు నేర్చుకున్నదంతా రంగుల పుణ్యమే అనలేను. రోజూ కథ ఉంది, పలక ఉంది, ఇంట్లో జేజి ఉంది. రొట్టెల పండుగ వారం, తుపాను సెలవులు పోను దొరికిన రోజులూ తక్కువే. అయినా ఒక పోలిక నా ముందు ఉంది. అదే తరగతిలో ఒక అమ్మాయి రంగులు వేస్తే అచ్చు వేసినట్టు ఉంటుంది. ఒక్క గీత దాటదు. ఎల్‌కేజీ నుంచి పుస్తకం నిండా స్టార్లు. విని వేయమంటే మాత్రం ముందు పక్కవాళ్లను చూసేది, 'వ' ఎక్కడ వినిపించిందో చెప్పలేకపోయేది. మనవాడి షీట్లు చూస్తే గీతలన్నీ దాటి ఉంటాయి. నీట్‌గా వేయడానికీ చదవడానికీ సంబంధం ఉంటే ఈ ఇద్దరిదీ తారుమారు కావాలి. ఆ అమ్మాయికి తరగతి ముందు చెప్పే పని కాకుండా ఒక్క స్నేహితురాలికి మాత్రమే చెప్పే పని ఇచ్చాను. కొంచెం నోరు విప్పింది, అక్షరాల్లో మాత్రం ఇంకా వెనకే ఉంది.

ఈ ఏడాది ఒత్తులకు రంగులు వాడటం లేదు. అప్పటికి పిల్లలు మాటను చూసి చదవాలి, గుర్తుల వెంట పోకూడదు. జెరాక్స్ ఖర్చు తగ్గించడానికి గళ్లను పలకల మీదే గీయిస్తున్నాను. రంగు చాక్‌పీసులతో నింపి, చదివి, తుడిచేస్తారు. పలక తుడిచేస్తే ఇంట్లో చూపించడానికి ఏమీ మిగలదు, జేజిలు ఊరుకోరు. అందుకని శుక్రవారం ఒక్క బొమ్మ మాత్రం కాగితం మీద వేయించి, కింద పిల్లలు చెప్పిన వాక్యం రాసి పంపిస్తున్నాను. మధ్యలో ఒక మాట వదిలి రెండు పక్కలా మూసి అడగండి అని డైరీలో ఒక లైను కూడా రాస్తున్నాను.